ఆమెను బరువులు చంపలేదు

వనపర్తి బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే వెనక బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. డ్రిల్ మేడం పోయిందట అన్నాడొకడు. ఎట్ల పోయిందని రెండోవాడు అడిగాడు.

"ఇంకెట్ల పోతది. అరవై దాటిన ఆడమనిషి, ఇసుక సంచులు ఎత్తుతదాయె. గుండె పలిగిపోయింది."

చెప్పి, తాపీగా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకున్నాడు. నేను లేచి వెనక్కి తిరిగాను. గుండె పగల్లేదు, డెంగీ జ్వరం వచ్చింది, నేను ఖననానికి వెళ్ళొచ్చిన మనిషిని అని చెప్పాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గదే గదా సార్. సత్తువ ఉంటె జ్వరం తట్టుకుంటుండె. సత్తువంత సంచులకే పాయె" అన్నాడు. చాయ్ సగంలో వదిలేసి బయటికి వచ్చాను.

ఆ తర్వాత ఇదే మాట క్షౌరశాలలో విన్నాను, రేషన్ షాపు వరసలో విన్నాను. కాలేజీ గ్రౌండులో పొద్దున నడిచేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. దాని అధ్యక్షుడు రిటైరైన లెక్చరరు. ఆయన ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టించి, మైకు పట్టుకుని, "వయసుకు తగ్గ వ్యాయామం చేద్దాం, అదే మేడంకు మనమిచ్చే నివాళి" అన్నాడు. ఫొటోలో ఆమె ఎవరినో తిట్టబోతున్నట్టు చూస్తోంది. బతికున్నన్నాళ్ళూ ఆయన్ను చూసిన చూపు అదే. చచ్చిపోయాక ఆమె నోటితో తన మాట చెప్పించడానికి ఆయనకు సిగ్గు లేకపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ బరువు ముట్టకుండా ఉన్నందుకు వాళ్ళకు ఒక కారణం కావలసి ఉంది. ఒక శవం దొరికింది.

మాతోపాటు సంచులెత్తిన బట్టల దుకాణం షావుకారును ఆయన కొడుకు ఇక గ్రౌండుకు పోనివ్వడం లేదు. తండ్రి కాన్వాసు బూట్లు తీసి అటక మీద పెట్టాడు. మిగతావాళ్ళ ఇళ్ళలోనూ దాదాపు ఇదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. మా జిల్లాలో పేరు రాస్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు తెలిస్తే ఏ వాడ అని అడుగుతారు. వాడ తెలిశాక ఆమె ఏం చేసిందన్నది ఎవరికీ అక్కర్లేదు. ఉద్యోగమంతా ఆడపిల్లల హైస్కూళ్ళలో డ్రిల్ టీచరుగా చేసింది కాబట్టి ఊరు ఆమెను డ్రిల్ మేడం అంది. నేనూ అట్లాగే పిలిచాను.

నా సంగతి కొంత చెప్పక తప్పదు. ఆత్మకూరు దాటి గద్వాల వైపు పోతే నది దగ్గర మా ఊరు. తాత కాలంలో కొంత భూమి పోయింది, నాన్న కాలంలో మిగతాది పోయింది, చివరికి ఇల్లూ పోయింది. ఆ స్థలంలో ఇప్పుడు ఎరువుల గోదాము ఉంది. నేను వనపర్తిలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాను. చొక్కాకు గంజి పెట్టించడం మానలేదు, మానను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగవాడు ఏదీ మోయడు. గొడుగు, మంచినీళ్ళ చెంబు, చేతిసంచి, ఏదైనా వెనక వచ్చే మనిషి చేతిలోనే. భూములు పోయాయి, వెనక వచ్చే మనిషి పోయాడు, పద్ధతి మాత్రం నా ఒంట్లో ఉండిపోయింది. కూరగాయల సంచి నా భార్య తెస్తుంది. సిలిండరు తెచ్చినవాడే దాన్ని వంటింట్లో పెట్టి పోతాడు. నేను దీన్ని తప్పనీ అనుకోలేదు, గొప్పనీ అనుకోలేదు. అన్నం కుడిచేత్తో తిన్నట్టే, అంతే.

నాగర్‌కర్నూల్‌లో మా పెదనాన్న కొడుకు చనిపోతే దినాలకు వెళ్ళాను. ముసలివాళ్ళకని ఒక పక్క కుర్చీలు, బల్లలు వేశారు. నేను అటు పోలేదు. మా వంశంలో దినాల భోజనం నేల మీదే చేస్తారు, చాప మీద కూర్చున్నాను. తినడం అయింది. వరసంతా లేచింది. నేను లేవలేకపోయాను. కుడి మోకాలు మడిచాను, ఎడమ చెయ్యి నేలకు ఆనించాను, నడుము ఒక జానెడు లేచి మళ్ళీ కూలబడింది. చెయ్యి ఆనించడానికి గోడ లేదు. తర్వాతి వరస వాళ్ళు నా చుట్టూ నిలబడి ఉన్నారు. క్యాటరింగ్ మనుషులు ఇద్దరు, నల్ల చొక్కాలవాళ్ళు, నన్ను ఒక్క మాట అడక్కుండా చంకల్లో చేతులు పెట్టి ఎత్తి నిలబెట్టారు. ఒకడు నా చొక్కా సర్ది, "జర పైలం పెద్దమనిషి" అన్నాడు. రెండోవాడు అప్పటికే నా విస్తరి మడుస్తున్నాడు. వాళ్ళ మీద వచ్చినంత కోపం నాకు మా భూములు కొన్నవాళ్ళ మీద రాలేదు.

ఎముకల డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, మోకాళ్ళు బాగున్నాయి, తొడల్లో కండ లేదు అన్నాడు. నడక చాలదు, బరువుతో పని చేసి కండ పెంచుకోవాలి, ఈ వయసులోనూ పెరుగుతుంది, లేకపోతే కొన్నాళ్ళకు కమోడు మీది నుంచి లేవడానికి కూడా మనిషి కావాలి అన్నాడు. ఆ చివరి మాటకు ఆయన్ను కొట్టాలనిపించింది, కానీ అది నిజం. ముందు ఒక జిమ్‌కు వెళ్ళాను. చుట్టూ అద్దాలు, చెవులు పగిలే పాటలు, తమ చేతులను తామే ఫోన్లో ఫొటో తీసుకునే పిల్లలు. అక్కడి కోచ్ నన్ను "అంకుల్" అని పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసి బయటికి వచ్చేశాను. అప్పుడు ఎవరో చెప్పారు, కాలేజీ గ్రౌండులో ఒక మేడం పెద్దవాళ్ళకు నేర్పుతుంది, డబ్బులు తీసుకోదు, కానీ నోరు మంచిది కాదు అని.

నోటి విషయం తక్కువ చేసి చెప్పారు.

మొదటిరోజు వెళ్ళేసరికి పదిమంది దాకా ఉన్నారు. ఆమె ముతక నేత చీర మోకాలి కిందికి దోపి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. పొట్టి మనిషి. మెడ ఎద్దు మెడ. గ్రౌండు మూల పాత రేకుల షెడ్డులో యూరియా సంచులు చిన్నవీ పెద్దవీ కత్తిరించి, రెండు వరసలు కుట్టి, ఇసుక నింపి ఉన్నాయి. అవే ఆమె జిమ్. అందరూ పోయి తలా ఒకటి తెచ్చుకున్నారు. నన్ను చూసి, "మీరు గూడ. అన్నిట్ల చిన్నది" అంది.

నేను నిలబడ్డాను. ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారని నిలబడ్డాను. ఇందులో వింతేమీ నాకు తోచలేదు. ఆమె క్లాసు మొదలుపెట్టింది. వాళ్ళు వంగుతున్నారు, లేస్తున్నారు, ఎత్తుతున్నారు, దించుతున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడే ఉన్నాను. ఆమె నా పక్క నుంచి రెండుమూడు సార్లు నడిచింది, నన్ను గోడను దాటినట్టు దాటింది. ఎండ ఎక్కింది. క్లాసు అయిపోయింది. అందరూ సంచులు షెడ్డులో పెట్టి వెళ్తున్నారు. అప్పుడు వచ్చి నా ముందు నిలబడింది.

"నాల్గు దినాలు నిలబడినా సంచి నడిచి రాదు దొరా."

నేను దొరల ఇంటివాణ్ణని ఆమెకు ఎట్లా తెలిసిందో అప్పుడు నేను అడగలేదు. చొక్కా గంజి చూసి ఎగతాళి చేస్తోందనుకున్నాను. మండిపోతూ ఇంటికి వచ్చాను. మర్నాడు వెళ్ళి సంచి నేనే తెచ్చుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో నా చంకల కింద దూరిన ఆ చేతులు గుర్తుండటం వల్ల తెచ్చుకున్నాను. ఇంకే కారణమూ లేదు.

తెచ్చుకున్న సంచిని ఆమె లాక్కుని పక్కన పెట్టింది. కొత్తవాళ్ళకు వెంటనే బరువు ఇవ్వదట. మరి తెమ్మన్నదెందుకు? తెస్తారా లేదా చూడటానికి. ముందు గ్యాలరీ మెట్టు మీద కూర్చుని, చేతులు ఛాతీకి కట్టుకుని లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. కూలబడకూడదు, దిగాలి. మెట్టు తగిలిందో లేదో అన్నట్టు తగలాలి. గోడకు చేతులు ఆనించి ఒంటిని నెట్టాలి. కొన్ని వారాలు ఇదే. నేను పెద్ద సంచి వైపు చూస్తే, "దాని మీద కన్నెందుకు? నీ ఒళ్ళే నువ్వు మోస్తలేవు" అంది. అంతవరకు 'మీరు' అన్న మనిషి, ఒళ్ళు సంగతి వస్తే 'నువ్వు' అనేది. ఎవరినైనా అంతే.

రోజు విడిచి రోజు క్లాసు. మధ్యలో రోజు ఎవరైనా వచ్చి ఎత్తితే తరిమేసేది. కండ ఇక్కడ పెరగదు, ఇంట్లో తిని పడుకున్నప్పుడు పెరుగుతుంది అనేది. అలసట వచ్చిందంటే ఆపనిచ్చేది కాదు. వీపు వంకర పోయిందంటే మాత్రం ఆ క్షణమే ఆపించేది. లెక్క ఆమే పెట్టేది, కానీ ఆ లెక్క ముందుకు పోయేది కాదు. ఎత్తడం తిన్నగా లేకపోతే "ఏడు, ఏడు, ఏడు" అంటూ అక్కడే ఉండేది, మనం సరిగ్గా ఎత్తేవరకు ఎనిమిది వచ్చేది కాదు. షావుకారు ఒకసారి ఏడులోనే కూర్చుండిపోయి దండం పెట్టాడు.

గద్వాల అవతల కర్ణాటక సరిహద్దు స్కూల్లో చాలా ఏళ్ళు చేసింది. అక్కడి నుంచి ఒక మాట తెచ్చుకుంది, హౌదా. అవునా అని. మనం ఏ సాకు చెప్పినా అదే జవాబు. మోకాలు నొప్పి అంటే హౌదా. రాత్రి నిద్ర లేదంటే హౌదా. అన్ని హౌదాలూ ఒక్కటి కావు. నిజమైన నొప్పి అయితే ఆ మాట మెల్లగా వచ్చేది, వెంటనే కూర్చోబెట్టేది. అబద్ధమైతే పొడుగ్గా సాగేది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు.

బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే ప్రమాదమని, ఎత్తుతూ మాట్లాడాలని ఆమె నియమం. అందుకు రాత్రి ఏం తిన్నారో చెప్పించేది. ఒకరు జొన్నరొట్టె, పుంటికూర అని మూలుగుతూ చెప్పేవాళ్ళు. ఒకరు బిర్యానీ అని చెప్పి తిట్లు తినేవాళ్ళు. గ్రౌండు మొత్తానికి ఎవరింట్లో పొయ్యి మీద ఏముందో తెలిసిపోయేది. మా ఇంటి వంట నలుగురికీ చెప్పే అలవాటు నాకు లేదు. ప్రతిసారీ పప్పు అనే చెప్పాను. కొన్నాళ్ళు ఊరుకుని ఒకరోజు అందరి ముందు అంది.

"రోజూ పప్పేనా దొరా? గుడ్డు పెడతలేదా దొరసాని?"

"మా ఇంటి సంగతి మీకెందుకు?"

"తొడ కావాల్నంటివి. తొడకు గుడ్డు గావాలె. ఇంటి సంగతి నేనేం చేసుకోను?"

ఇంటికి వెళ్ళి భార్యకు ఏమీ చెప్పలేదు. వారం తిరక్కుండా నా కంచంలో రోజూ రెండు గుడ్లు వచ్చాయి. మేడమే మా ఇంటికి ఫోన్ చేసి చెప్పింది. నాకు చెప్పకుండా నా భార్యతో మాట్లాడినందుకు రెండు క్లాసులు మేడంతో మాట్లాడలేదు. ఆమె గమనించినట్టు కూడా లేదు.

ఆమెలో మంచే రాయాలని నేను కూర్చోలేదు. మొండిది. వ్యాయామం మధ్యలో నీళ్ళు తాగనిచ్చేది కాదు, డాక్టర్లంతా తాగమంటున్నా. నడిచేవాళ్ళను చూస్తే ఆమెకు గిట్టదు, "ఊరంత తిరుగుతరు, కింద కూసుంటె లేవరాదు" అని వాళ్ళకు వినపడేట్టే అనేది. లెక్చరరు గారి పగ అక్కడిదే. షావుకారుకు ఒకసారి నిజంగానే నడుం పట్టుకుంటే దాన్ని పొడుగు హౌదా అనుకుంది. ఆయన పది రోజులు మంచం మీద ఉన్నాడు. ఆమె ఆయన ఇంటికి వెళ్ళి, తప్పయిందని ఆయనతో కాదు, ఆయన భార్యతో చెప్పి వచ్చింది. ఆయనకు చెబితే నెత్తికెక్కుతాడట.

సంచి ఛాతీ దాకా ఎత్తడం నాకు వచ్చాక, భుజానికి ఎత్తుకోమంది. నేను సంచి కింద పెట్టాను. ఛాతీ దాకా ఎత్తితే వ్యాయామం. భుజానికి ఎత్తితే హమాలీ పని. నాకు ఆ రెండింటి మధ్య గీత చాలా స్పష్టంగా ఉంది.

"మా ఇంట్లో ఎవరూ భుజానికి ఎత్తుకోలేదు" అన్నాను.

"తెలుసు దొరా" అంది. "ఎత్తుకున్నది మా నాయిన."

చుట్టూ అందరూ తమ తమ సంచులతో ఉన్నారు, ఒకరిద్దరు ఆగిపోయారు. ఆమె గొంతు పెంచలేదు. మా ఊరి పేరు చెప్పింది. కల్లం నుంచి మా వాకిట్లోకి, వాకిట్లో నుంచి నిచ్చెన ఎక్కి గుమ్మిలోకి వడ్ల బస్తాలు మోసిన మనిషిని చెప్పింది. ఎవరో నాకు వెంటనే తెలిసింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజుకు ఎన్నోసార్లు వినిపించే పేరు అది. అరుగు మీద కూర్చుని కేకేస్తే వచ్చి నిలబడే మనిషి పేరు. ఆయనకు బడికి పోయే బిడ్డ ఒకతి ఉందని నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ లేదు.

"ఎత్తుండ్రి" అంది. "ఇసుకనే గద. వడ్లు గూడ కాదు."

సంచి అక్కడే వదిలి వచ్చేశాను. ఆ నెలంతా పోలేదు. పదిమంది ముందర నన్ను నిలబెట్టి మా ఇంటి గుమ్మి సంగతి ఎత్తడం నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. చెప్పవలసింది ఉంటే పక్కకు పిలిచి చెప్పవచ్చు. తిరిగి వెళ్ళానంటే ఆ మాటకు తల వంచి వెళ్ళలేదు. కింద కూర్చుంటే లేవడం నాకు ఇంకా రాలేదు, అందుకు వెళ్ళాను. వెళ్ళి సంచి భుజానికి ఎత్తుకున్నాను. ఎడమ భుజం అని అరిచింది. ఎడమ భుజానికి మార్చుకున్నాను. ఆమె క్షమాపణ అడగలేదు, నేనూ చెప్పలేదు. మేమిద్దరం ఆ విషయం మళ్ళీ మాట్లాడుకోలేదు.

నేల మీది నుంచి లేవడం చివర నేర్పింది. గడ్డి మీద వెల్లకిలా పడుకోమంది. గంజి చొక్కాతో పడుకున్నాను. ఒక పక్కకు దొర్లాలి, మోచెయ్యి, తర్వాత అరచెయ్యి, ఒక మోకాలు నేలకు, రెండో పాదం ముందుకు, ఆ పాదాన్ని నేలలోకి తొక్కుతూ లేవాలి. కొన్నాళ్ళకు అరచెయ్యి కూడా తీసెయ్యాలి. ఎన్నిసార్లు పడ్డానో చెప్పను. ఒక పొద్దున, నల్లమల వైపు నుంచి మబ్బు పట్టి ఉన్న రోజు, చేతులు ఛాతీకి కట్టుకుని లేచి నిలబడ్డాను. ఎవరూ ముట్టుకోలేదు. షావుకారు శభాష్ అన్నాడు. నేను ఆమె వైపు చూశాను.

"మళ్ళ పండుండ్రి" అంది.

ఈ వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. వచ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, లెక్క పెట్టేటప్పుడు గొంతు ఆగుతోంది. ఎప్పుడూ నిలబడే మనిషి ఆ రోజు సంచి మీద కూర్చుంది. దవాఖానకు పోవాలి అన్నాను. మాత్ర వేసుకున్నానంది. రక్తం చూపించుకోవాలి, ఊరంతా డెంగీ ఉంది అన్నాను. హౌదా అంది, పొడుగ్గా. ఆటో పిలుస్తాను అంటే నా మీద లేచింది. "నన్ను ఇంకొకలు మోసుకపోవాల్నా? నడుస్త" అంది. మర్నాటి మర్నాడు కూడా వచ్చింది, క్లాసు నడిపింది. తర్వాత గద్వాల నుంచి అక్క కూతురు వచ్చి మహబూబ్‌నగర్ తీసుకుపోయేటప్పటికి ఒంట్లో నీరు చేరింది, రక్తకణాలు పడిపోయాయి. డాక్టర్లు రెండు రోజుల ముందు తేవలసింది అన్నారు.

ఇది నేను ఆ అమ్మాయి నోట విన్నాను. కాబట్టి ఊరికి మళ్ళీ చెబుతున్నాను, ఆమెను బరువులు చంపలేదు. పొగరు చంపింది. పొగరు సంగతి ఈ ఊళ్ళో ఎవరికన్నా నాకు ఎక్కువ తెలుసు. చేతులు చాచినవాళ్ళ మధ్య నా చెయ్యీ ఉంది. నా చేతినీ ఆమె పట్టుకోలేదు. ఆమె మీద నాకున్న కోపం లెక్చరరు మీదున్న కోపం కన్నా చిన్నదేమీ కాదు. మాకు రోజు విడిచి రోజు విశ్రాంతి అని నేర్పిన మనిషి, జ్వరానికి ఒక్క రోజు కూడా ఇవ్వలేదు.

ఖననం మా ఊళ్ళోనే. ఇల్లు అమ్మిన తర్వాత నేను ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. షావుకారూ నేనూ మరో ఇద్దరం బండి మాట్లాడుకుని ఆత్మకూరు మీదుగా వెళ్ళాం. గోదాము ముందు నుంచే పోవాలి, తల తిప్పకుండా పోయాను. వాళ్ళ వాడలో చిన్న చర్చి ముందు పెట్టె ఉంచారు. ప్రార్థన చేస్తూ పాస్టరు కూడా ఒంటి బలాన్ని నమ్ముకోకూడదని అన్నాడు. నా పక్కన షావుకారు తల ఊపాడు. ఆయన పాదం తొక్కాను.

చర్చి నుంచి సమాధుల దగ్గరికి నల్లరేగడి చేను గట్టు మీదుగా దారి. రాత్రి వాన పడింది. బండి పోదు, భుజాల మీదే పోవాలి. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. అక్క అల్లుళ్ళు, ఒకరిద్దరు బంధువులు ఎత్తారు. నాలుగు అడుగులు వేశారో లేదో వెనక భుజంవాడికి కాలు జారింది, పెట్టె ఒరిగింది. నేను పోయి ఆ మూల కింద భుజం పెట్టాను. ఎడమ భుజం.

మా ఇంట్లో పనిచేసిన ముసలాయన ఒకడు గట్టు పక్కనే నడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి ఎదురొచ్చాడు.

"మీరెందుకు దొరా? జరుగుండ్రి. పిల్లగాండ్లు ఉన్నరు."

"జరగను" అన్నాను.

షావుకారు వెనక నుంచి నా చొక్కా పట్టుకుని, వద్దన్నా, నడుం పోతది, మేడం సంగతి చూస్తిమి గద అన్నాడు. అప్పుడు నేను అరిచిన మాటలు ఇక్కడ రాయను, శవం ముందు అనవలసిన మాటలు కావు. ఆయన చొక్కా వదిలాడు. మిగతా మూడు భుజాలూ దారిలో మారాయి. నాది మారలేదు. ఆ పెట్టెలో ఆమె బరువు ఏమీ లేదు. మాకు అందరికీ కండ పెట్టిన మనిషి ఆ కొద్ది రోజుల్లో ఎంత తరిగిపోయిందో నా భుజానికి తెలుస్తుంటే, గట్టు పొడుగునా పళ్ళు కొరుకుతూ నడిచాను.

గోతి దగ్గర తాళ్ళతో దించారు. ఒక తాడు నేను పట్టుకున్నాను. చివర వదిలేటప్పుడు అంచు మట్టి జారి రెండు మోకాళ్ళ మీద పడ్డాను. నాలుగైదు చేతులు ఒక్కసారిగా నా వైపు వచ్చాయి. ముసలాయన చెయ్యి, షావుకారు చెయ్యి, ఆ పిల్లల చేతులు. చేతులు తియ్యండి అన్నాను. తీశారు. ఒక పాదం ముందుకు వేశాను. రేగడి జారుతోంది. తొక్కిపట్టి లేచాను. పంచె నిండా బురద.

జనం పిడికెడు పిడికెడు మట్టి వేసి పోతున్నారు. ముసలాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా కాళ్ళ వైపు చూసి అన్నాడు.

"మీ నాయినకు ఆఖర్ల గీ కాళ్ళు లేవాయె దొరా. మంచం మీదికెళ్ళి కుర్చీకి, కుర్చీలకెళ్ళి మంచానికి, రెండేండ్లు నలుగురం మోసినం."

అప్పుడు నేను హైదరాబాదులో చదువుకుంటున్నాను. సెలవులకు వచ్చినప్పుడు నాన్న ఎప్పుడూ కుర్చీలోనే, ఇస్త్రీ బట్టల్లోనే కనిపించేవాడు. ఆ కుర్చీలోకి ఆయన ఎట్లా వచ్చాడో ఎవరూ నాకు చెప్పలేదు. ఎవరెవరు మోశారు అని అడిగాను. ముసలాయన వేళ్ళు మడుస్తూ తన పేరు చెప్పాడు, ఇంకో రెండు పేర్లు చెప్పాడు. గోతి వైపు చూసి ఆగిపోయాడు.

నాలుగో పేరు నేను చెప్పాను. మా ఇంట్లో అరుగు మీది నుంచి కేకేసినట్టు కాదు, పూర్తి పేరు.